విశాఖ నుండి బ్రహ్మపుత్ర వరకు

విమానంలో అయితే గువాహటి ఒక్క పగటి ప్రయాణమని, మధ్యలో ఏదో ఒక మహానగరంలో విమానం మారినా చీకటి పడేలోగా హాస్టలు గది తాళం చేతికి వస్తుందని మన కాలనీ మిత్రులు పలువురు హితవు చెప్పారు. వారి మాట సత్యమే. అయినను మేము రైలునే ఎన్నుకున్నాము. ఇందుకు ముఖ్య కారకురాలు మా అమ్మాయి. గువాహటి ఐ.ఐ.టి.లో డిజైన్ కోర్సులో సీటు వచ్చిన నాటి నుండి ఆ పిల్ల మా ముందుగదిలోని భారతదేశ పటం ఎదుట తరచుగా నిలబడుతూ ఉండేది. “మధ్యలో ఏమేమి ఉన్నాయో ఒకసారి కళ్ళతో చూస్తే, తరువాత ఎప్పుడు విమానంలో వెళ్ళినా ఆ ఊరు ఎక్కడో గాలిలో వేలాడుతున్నట్టు ఉండదు నాన్నా” అని అన్నది. వృత్తిరీత్యా కొలతలతో కాలం గడిపిన మాకు ఆ మాట నచ్చినది. దూరమనేది కొలిస్తేనే గాని తెలియదు గదా.

డిజైన్ అనగా ఏమిటని మన కర్మాగారంలో మమ్మల్ని అడగని వారు లేరు. ఇంజనీరుకు యంత్రం పనిచేయటం ముఖ్యం. అది పనివాని చేతికి ఎలా అందుతున్నదన్నది ఆ శాస్త్రానికి ముఖ్యమని మాకు అర్థమైనంతలో చెబుతూ వచ్చాము. మా శ్రీమతి సందేహం మాత్రం కోర్సును గురించి కాదు, దూరాన్ని గురించి. మన ఊరిలోనే మరొక కళాశాలలో ఇంజనీరింగ్ సీటు కూడా అమ్మాయి పేరిట ఉన్నది. ఆ రుసుము చెల్లించుటకు ఆఖరి గడువు మా ప్రయాణంలో మొదటి రోజు సాయంకాలం 5 గంటలు. కట్టి ఉంచితే పోయేదేముంది, అక్కడ నచ్చకపోతే వెనక్కి రావచ్చునని ఆమె వాదన. కట్టిన తరువాత మనసు ఎప్పుడూ వెనక్కే చూస్తూ ఉంటుందని అమ్మాయి వాదన. ఖాతా శ్రీమతిది, ఫోను ఆమెది. నిర్ణయం కూడా ఆమెకే విడిచిపెట్టి జూలై నెలాఖరున, రాత్రి 1 గంట దాటిన తరువాత, దక్షిణాది నుండి అస్సాం వెళ్ళే బండిని విశాఖపట్నంలో ఎక్కాము.

యుక్తవయస్కులతో దూరప్రయాణం చేయదలచిన సహోద్యోగుల కొరకు ఇక్కడ రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. చంటిపిల్లలకు కిటికీ చాలు. పెద్దవారికి కింది బెర్తు చాలు. పద్నాలుగు నుండి పద్దెనిమిది మధ్య వారికి కావలసినది పై బెర్తు. అది వారికి ఇల్లు, కోట, అలకపాన్పు అన్నీ. పై బెర్తులు రెండింటినీ వారికి ధారాదత్తం చేసి, “కిందికి రండి, బయట చూడండి” అని పిలవకుండా ఉండగలిగితే సగం ప్రయాణం సుఖంగా గడచినట్లే. ఆకలి వేసినప్పుడు వారే దిగుతారు. దిగినప్పుడు బయట ఏదైనా నది ఉంటే మన అదృష్టం. తొమ్మిదవ తరగతి చదువుతున్న మా అబ్బాయి బండి కదలకముందే చెవులలో తీగలు పెట్టుకుని పైకి చేరాడు. ఎక్కేటప్పుడు అడిగిన ప్రశ్న ఒక్కటే: “అక్క గది ఇక నాదేనా?” సమాధానం ఎవరూ ఇవ్వలేదు.

విశాఖ స్టేషనులో విజయవాడ వైపు నుండి వచ్చిన బండ్లకు ఇంజను రెండవ కొసకు మారుతుందన్న సంగతి మనవారందరికీ తెలిసినదే. కేరళ నుండి నిద్రపోతూ వచ్చిన ఒక పెద్దమనిషి మెలకువ వచ్చి, బండి వెనక్కి పోతున్నదని కంగారుపడ్డాడు. మా అబ్బాయి పై నుండి తల వంచి, కాగితం మీద గీత గీసి మరీ ఆయనకు నచ్చచెప్పాడు. తీగలు చెవులలో ఉన్నా పిల్లలకు అన్నీ వినబడుతూనే ఉంటాయని అప్పుడు తెలిసినది.

విజయనగరం, శ్రీకాకుళం రోడ్డు, పలాస నిద్రలోనే గడచిపోయాయి. తెల్లవారుతూ ఉండగా బ్రహ్మపురంలో “టీ, కాఫీ” అన్న కేకతో పాటు తెలుగు మాటలు వినిపించాయి. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు ఈ గంజాం సీమ మద్రాసు రాష్ట్రంలోనిది. మన రాష్ట్రపతిగా పనిచేసిన వి.వి.గిరిగారు జన్మించినది ఈ ఊరిలోనే. తెలుగు వినబడే ఆఖరి పెద్ద స్టేషను ఇదేనని మా శ్రీమతి కాఫీ తీసుకుంటూ అన్నది. అందులో ఏదో లెక్క ఉన్నదని మేము గ్రహించాము గాని మాట కలపలేదు.

రంభ దాటినప్పటి నుండి బలుగావ్ వరకు రైలు మార్గం చిలికా సరస్సును ఒరుసుకుంటూ పోతుంది. ఒక పక్క కొండలు, మరొక పక్క నీరు. వర్షాకాలం కావటం వలన ఎక్కడ నీరు ముగిసి ఆకాశం మొదలవుతున్నదో తెలియలేదు. వానాకాలంలో ఈ సరస్సు 1,100 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరిస్తుంది, వేసవిలో తగ్గుతుంది. 1981లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం పొందిన మన దేశపు తొలి చిత్తడి ప్రదేశాలలో ఇది ఒకటి. ఇంజనీరుకు మరింత ఆసక్తి కలిగించే విషయం వేరొకటి ఉన్నది. సముద్రానికి పోయే మొగ ఇసుకతో పూడుకుపోయి, నీటిలో ఉప్పదనం తగ్గి, చేపలు క్షీణించి, కలుపు పెరిగి సరస్సు చావుకు సిద్ధమైనది. 2000 సంవత్సరంలో ఇసుక దిబ్బను కోసి కొత్త మొగ తెరిచారు. ఉప్పునీరు లోనికి వచ్చింది, చేపలు తిరిగి వచ్చాయి. 2002లో ప్రమాదపు జాబితా నుండి చిలికా పేరు తొలగించారు. సరైన చోట ఒక్క గండి కొట్టటమే చికిత్స అయినది! ఇదంతా మేము వివరిస్తూ ఉండగా అమ్మాయి ఎప్పుడు కిందికి దిగినదో, పక్క బెర్తులో కూర్చుని పడవలను చిత్రించుకుంటున్నది. విన్నదో లేదో తెలియదు. చిత్రం కింద మాత్రం “కొత్త తలుపు, 2000” అని రాసుకున్నది.

ఉదయపు ఫలహారం పులిహోర. మేము బయలుదేరిన సరంజామాలో పులిహోర, జంతికలు, కందిపొడి, నిమ్మకాయలతో పాటు హాస్టలు కొరకు ఉద్దేశించిన ఆవకాయ కూడా ఉన్నది. గాజు సీసా వద్దన్నా వినక మా శ్రీమతి తన తల్లిగారి నాటి జాడీలోనే పెట్టి, గుడ్డ వాసెన కట్టి, పైన ప్లాస్టిక్ సంచి బిగించినది. కటకం సమీపంలో నూనె వాసెన దాటి, సంచి దాటి, అమ్మాయి కొత్త దుప్పటిని చేరుకున్నది. పెట్టె అంతా ఆవ ఘాటు. ఎదుటివారు ముక్కులు మూసుకుంటారేమో అనుకున్నాము. బదులుగా ఇద్దరు బెంగాలీ గృహిణులు వచ్చి అది ఏ నూనె అని అడిగారు. ఆవనూనె వాడరా అని ఆశ్చర్యపడ్డారు. నువ్వులనూనె అన్న మాటకు హిందీ పదం మా శ్రీమతికి వెంటనే తోచినది. మా తొలి ఉద్యోగకాలంలో సంస్థవారు ఉత్తరాది ప్రాజెక్టుకు బదిలీ చేయగా ఆరు సంవత్సరాలు ఉన్నాము. ఆ హిందీ తుప్పు పట్టలేదు.

భువనేశ్వరం దాటిన తరువాత ఆ మార్గమంతా నదులదే. మా అబ్బాయి ఫోనులో బండి జాడ చెప్పే సాధనం ఒకటి ఉన్నది. దానిని చూస్తూ, వంతెన రాబోతున్నదని ముందే ప్రకటించటం మొదలుపెట్టాడు. తీగలు జేబులోకి వెళ్ళాయి. కువాఖాయి, కాఠజోడి, మహానది, బిరూప, బ్రాహ్మణి, వైతరణి, బుఢాబలంగ, సువర్ణరేఖ. పెద్దవి మాత్రమే లెక్కించినా ఖరగ్‌పూర్ చేరేలోగా ఎనిమిది. అన్నింటినీ నోటు పుస్తకంలో వరుసగా రాశాడు. వైతరణి పేరు వినగానే మా శ్రీమతి రెండు చేతులూ జోడించినది. “గరుడపురాణంలో చచ్చాక దాటాలన్నారు, మనం టికెట్ కొనుక్కుని బతికుండగానే దాటేశాం” అని వాడు అన్నాడు. పెట్టెలో తెలుగు తెలిసిన వారు మేము నలుగురమే గనుక నవ్విన వారమూ మేమే.

సోరో దాటిన తరువాత ఎవరికీ చెప్పకుండానే ఒక నిశ్శబ్దం వచ్చింది. బహనాగా బజారు స్టేషను. 2023 జూన్ 2వ తేదీ సాయంకాలం ఇక్కడ మూడు రైళ్ళు ఒకదానినొకటి ఢీకొన్నాయి. 290 మందికి పైగా మరణించారు. కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు ముందుకు పొమ్మని ఆకుపచ్చ సిగ్నల్ ఉన్నది. పట్టాలు మాత్రం దానిని పక్క లైనులో ఆగి ఉన్న గూడ్సు బండి మీదికి మళ్ళించాయి. సిగ్నలింగ్ సర్క్యూట్లలో చేసిన మార్పులలోని లోపం దీనికి కారణమని విచారణలో తేలినది. అబ్బాయి అడిగాడు, “ఒక్క తీగ తప్పు కలిపితే అంత జరుగుతుందా?” జరుగుతుంది. మన కర్మాగారంలో ఏ ఇంటర్‌లాకింగ్‌ను ముట్టుకున్నా, పని ముగిసిన తరువాత రెండవ మనిషి స్వతంత్రంగా పరీక్షించి సంతకం చేయాలన్న నియమం ఎందుకు ఉన్నదో వాడికి చెప్పాము. ఆ సంతకాన్ని విసుగుతో పెట్టే వారిని కూడా మేము ఎరుగుదుము. స్టేషను అరనిమిషంలో వెనక్కి పోయింది. చెట్లు, ఒక గేటు, సైకిళ్ళ మీద బడి పిల్లలు.

ఖరగ్‌పూర్ చేరేసరికి బండి సుమారు రెండు గంటలు ఆలస్యం. 1,072 మీటర్ల ఇచ్చటి ప్లాట్‌ఫారం చాలాకాలం ప్రపంచంలో అతి పొడవైనదిగా పేరు పొందినది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో 1,507 మీటర్లతో హుబ్బళ్ళి దానిని మించిపోయాయి. పిల్లలిద్దరినీ పెట్టె ఎదుటనే నిలబడవలెనన్న షరతు మీద దింపాము. కాగితపు పొట్లాలలో ఝాల్‌మురీ తెచ్చారు. మన మరమరాల మిక్స్చరుకు ఆవనూనె అత్తరు పూసినట్లు ఉంటుంది. దేశంలో మొదటి ఐ.ఐ.టి. 1951లో ఈ ఊరిలోనే ఆరంభమైనది, అది కూడా ఒక చెరసాలలో. 1931లో హిజ్లీ నిర్బంధ శిబిరంలో కాల్పులు జరిపి ఇద్దరు స్వాతంత్ర్య యోధులను బలిగొన్న ఆ భవనంలోనే తొలి తరగతులు నడిచాయి.

గడియారం 4 దాటినది. 5 గంటల గడువు ఎవరికీ జ్ఞాపకం లేనట్లు అందరూ ప్రవర్తిస్తున్నారు. మా శ్రీమతి ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నది. సిగ్నల్ కూడా పూర్తిగా ఉన్నది, అదొక చిత్రం.

మా ఎదుటి పక్క బెర్తులో ఇరవై ఏళ్ళ అస్సామీ యువకుడు ఒకడు ఉన్నాడు. కేరళలోని పెరుంబావూరులో ప్లైవుడ్ కర్మాగారంలో పని. నగావ్ జిల్లాలోని తన పల్లెకు పోతున్నాడు. స్లీపరు తరగతిలో చోటు దొరకక ఈసారి ఎక్కువ సొమ్ము పెట్టవలసి వచ్చిందని, చలి వలన నిద్ర పట్టటం లేదని చెప్పాడు. మా శ్రీమతి అతనికి పులిహోర పెట్టి, ఊరు వదిలినప్పుడు వయసు ఎంత అని అడిగినది. పదిహేడు. తోడు ఎవరని అడిగినది. ఊరివాడు ఒకడు ఈరోడ్ వరకు వచ్చి అక్కడ దిగిపోయాడట. అమ్మ ఏమన్నది? “మొదటిసారి స్టేషనుకు రానన్నది. ఇంట్లోనే ఏడుస్తూ కూర్చున్నది. ఇప్పుడు ఫోను చేస్తే బండి ఎన్ని గంటలు లేటు అని మాత్రం అడుగుతుంది” అని హిందీలో, మధ్య మధ్య మలయాళం మాటలతో చెప్పాడు. ఈ దారిలో ఇది తన ఏడవ ప్రయాణమట. బ్రహ్మపుత్ర ఎప్పుడు వస్తుందో నిద్రలో కూడా తెలుస్తుందని, వంతెన మీద చక్రాల చప్పుడు మారుతుందని అన్నాడు.

ఆ తరువాత మా శ్రీమతి అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, తాను ఉత్తరాదికి బయలుదేరిన నాడు రాజమండ్రి స్టేషనులో తన తల్లి ఏమి ఇచ్చినదీ, ఏమి అనలేకపోయినదీ చెప్పుకొచ్చింది. మేము ఆ సంగతి అంతకుముందు వినలేదు. పెళ్ళయి అప్పటికి పాతికేళ్ళు. ఆ జాడీ ఆ రోజున ఇచ్చినదేనట. మాటల మధ్యలో టీ వచ్చింది, కప్పులు అందించుకున్నారు. “ఐదూ పది” అని మా అబ్బాయి పై నుండి ప్రకటించాడు. తల్లి తల ఎత్తి చూసినది. ఫోను సంచిలో పెట్టి, దుప్పటి మీది నూనె మరకకు సబ్బు ఉన్నదా అని అడిగినది. ఆ విషయం మీద మళ్ళీ చర్చ జరగలేదు.

ఫరక్కా అర్ధరాత్రి దాటిన తరువాత వచ్చింది. లేపకపోతే ఊరుకోమని పిల్లలు ముందే హెచ్చరించి ఉండటం వలన ఇద్దరినీ లేపాము. మూసిన తలుపు అద్దంలో నుండి పసుపుపచ్చని దీపాలు, వాటి కింద తెల్లగా నురగలు కక్కుతున్న నీరు కనిపించాయి. 109 గేట్లు, సుమారు 2.24 కిలోమీటర్ల పొడవు. 1975లో దీనిని ప్రారంభించారు. గంగలోని కొంత నీటిని 38 కిలోమీటర్ల కాలువ ద్వారా హుగ్లీలోకి మళ్ళించి, కలకత్తా రేవు పూడిపోకుండా చేయటం దీని ఉద్దేశం. దిగువనున్న బంగ్లాదేశ్‌కు రావలసిన నీటి విషయమై దీర్ఘకాలం వివాదం నడిచి, 1996లో రెండు దేశాలు 30 సంవత్సరాల ఒప్పందం కుదుర్చుకున్నాయి. ఇది కట్టక పూర్వం ఉత్తర బెంగాల్ పోయేవారు రైలు దిగి, స్టీమరులో గంగ దాటి, ఆవలి ఒడ్డున మరొక రైలు ఎక్కేవారు. గేట్లు లెక్కించాలని అక్కాతమ్ముళ్ళు పందెం వేసుకున్నారు గాని, చీకటిలో పన్నెండు దాటలేదు.

తెల్లవారేసరికి న్యూ జల్పాయిగురి. 1881 నుండి నడుస్తున్న డార్జిలింగ్ బొమ్మరైలుకు రెండడుగుల వెడల్పు పట్టాలు ఇక్కడి నుండే మొదలవుతాయి. ఒక పక్క నేపాల్, మరొక పక్క బంగ్లాదేశ్. మధ్యనున్న మన భూమి సన్నని చోట 22 కిలోమీటర్లకు మించదు. 1947లో దేశవిభజనతో అస్సాంకు పోయే పాత రైలు మార్గాలు పరాయి దేశంలోకి పోగా, రెండేళ్ళ లోపున వాగులు, అడవులు, మలేరియా నడుమ కొత్త పట్టాలు పరిచి 1950 జనవరిలో బండ్లు నడిపిన ఇంజనీర్లను ఆ ఉదయం మనసులోనే తలచుకున్నాము. పిల్లలు ఆ సమయానికి గాఢనిద్రలో ఉన్నారు. అంతర్జాతీయ ప్రాముఖ్యం గల ప్రదేశాలన్నీ వారు నిద్రపోయే వేళకే వస్తాయి.

తీస్తా దాటిన తరువాత ప్రకృతి మారినది. వెదురు పొదలు, పోకచెట్లు, ప్రతి ఇంటి ముందు ఒక చిన్న చెరువు. కుంటలలో నానబెట్టిన జనపకట్టల వాసన మూసిన పెట్టెలోకి కూడా వచ్చింది. రేకు కప్పుల ఇళ్ళను అమ్మాయి తీరుబడిగా గీసుకున్నది. న్యూ బొంగాయిగావ్ వద్ద బండి గంటకు పైగా నిలిచిపోయింది. కారణం చెప్పిన నాథుడు లేడు. మిగిలిన జంతికలు అక్కడే ముగిశాయి.

మా బండి రంగియా మీదుగా పోయింది. అందువలన ఒక విచిత్రం సంభవించినది. ఐ.ఐ.టి. ఉన్నది బ్రహ్మపుత్రకు ఉత్తరపు ఒడ్డున. గువాహటి స్టేషను దక్షిణపు ఒడ్డున. అనగా చేరవలసిన చోటును పక్కనే దాటి, నదిని దాటి, మరునాడు తిరిగి వెనక్కి రావలెను. అస్సామీ యువకుడు కిటికీ నుండి కొండల వైపు చూపి, “నీ కాలేజీ అటువైపు” అని అమ్మాయితో అన్నాడు. ఆ వెంటనే చక్రాల చప్పుడు మారినది.

సరాయిఘాట్ వంతెన. బ్రహ్మపుత్ర మీద కట్టిన మొట్టమొదటి వంతెన ఇదే. కింద రైలు, పైన రోడ్డు. 1962లో తొలి బండ్లు నడిచాయి, 1963లో నెహ్రూగారు లాంఛనంగా ప్రారంభించారు. అంతకు మునుపు అమీన్‌గావ్, పాండు రేవుల మధ్య స్టీమరే గతి. 1671లో లాచిత్ బర్‌ఫుకన్ నాయకత్వాన ఆహోం సేన మొగలుల నౌకాబలాన్ని ఓడించినది ఈ నీటి మీదనే. నది ఇక్కడ కొండల మధ్య ఇరుకవుతుంది గనుకనే యుద్ధమూ ఇక్కడే, వంతెనా ఇక్కడే. ఇరుకు అంటే సుమారు కిలోమీటరున్నర! గోదావరి ఒడ్డున పుట్టిన మా శ్రీమతి ఏ నదికీ అంత సులభంగా లొంగదు. వరదతో మట్టిరంగులో కదులుతున్న ఆ నీటిని చూసి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “దీని ఒడ్డునేనా నువ్వుండేది” అని అడిగినది. “అవునమ్మా” అని అమ్మాయి బదులిచ్చినది.

మూడున్నర గంటల ఆలస్యంతో గువాహటిలో దిగాము. మరునాటి ఉదయం 2017లో ప్రారంభమైన రెండవ సరాయిఘాట్ వంతెన మీదుగా కారులో విద్యాలయం చేరుకున్నాము. లోపల చెరువులు, చుట్టూ పచ్చని కొండలు. వసతి గృహాలకు పెట్టినవి నదుల పేర్లు: సుబన్‌సిరి, ధన్‌సిరి, లోహిత్, మానస్, కపిలి ఇత్యాది. మా అబ్బాయి నోటు పుస్తకం తీసి సువర్ణరేఖ కింద గంగ, తీస్తా, బ్రహ్మపుత్ర రాసి, వాటి కింద అక్క ఉండే హాస్టలు పేరు చేర్చాడు. గది మూడవ అంతస్తులో దొరికినది. జాడీని తల్లి స్వయంగా మోసుకువెళ్ళి అలమరలో పెట్టినది.

తిరుగు ప్రయాణంలో ముగ్గురమే. వేరే బండి కావటం వలన ఫరక్కా ఈసారి పట్టపగలు వచ్చింది. అబ్బాయి తలుపు అద్దానికి ముక్కు ఆనించి, వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాడు. ఆవలి ఒడ్డు చేరగానే అక్కకు ఫోను చేశాడు. అప్పుడే తరగతి నుండి వచ్చిందట.

“అరవై మూడు దాకా పెట్టానే అక్కా. తరువాత లారీలు అడ్డం వచ్చాయి.”

“మిగిలిన నలభై ఆరూ నేను దసరాకి వచ్చేటప్పుడు లెక్కపెడతాలేరా. అమ్మకివ్వు ఫోను.”